పదిహేడో నంబరు బిళ్ళ

విమానాల గురించి ఈ కథ చెబుతున్నవాడికి తెలిసినవి రెండే ముక్కలు: ఎక్కితే చెవులు మూసుకుపోతాయి, దిగితే ఊళ్ళోవాళ్ళ పెట్టెలన్నీ వచ్చాక గానీ మన పెట్టె రాదు. అందుకని పనిముట్ల విషయంలో పొరపాట్లేమైనా దొర్లితే అవి నావి. మిగిలిన పొరపాటు, అసలు పొరపాటు, గ్రంథంగారిది.

గ్రంథం ఆయన పేరు కాదు. చిన్న విమానాలు బాగుచేసే షెడ్డులో ఆయన పెద్ద ఇన్‌స్పెక్టరు. ఏ విమానం ఏ ఏట ఎగిరింది, ఏది ఎక్కడ కూలింది, కూలినప్పుడు లోపల ఎవరు ఏం చేస్తున్నారు, అన్నీ అడక్కుండానే చెప్పేవాడు కాబట్టి ఎదురుగా గ్రంథంగారు. వెనకాల గ్రంథసాంగుడు. రెండో పేరు కూడా ఆయన చెవిన పడింది. అదీ ఒకరకం బిరుదే అని సరిపెట్టుకున్నాడు. రిటైరవడానికి ఇంకా రెండు నెలలుంది.

ఆ రోజు పొద్దుటినుంచీ వాన. మధ్యాహ్నం ఒంటిగంటకే షెడ్డులో దీపాలు వేసుకోవలసి వచ్చింది. టీ గదిలో రేకుల కప్పు మీద చినుకులు పేలాలు వేగినట్టు మోగుతున్నాయి. తడిసిన బట్టల వాసన, గ్రీజు వాసన, మరిగి మరిగి విసుగెత్తిన టీ వాసన. బల్ల చుట్టూ నలుగురూ నాలుగు ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు.

ఆన్‌లైన్లో ఒక ఆట ఉంది. పేరు 'గాలిలో ఎవరు'. విమానాల చరిత్ర మీద రోజుకో ప్రశ్న, సరిగ్గా ఒంటిగంటకి. ఆరు ఆధారాలు ఇస్తారు. ఒక్కొక్క తప్పు జవాబుకీ ఒక్కొక్క కొత్త ఆధారం తెరుచుకుంటుంది. ఆరూ అయిపోయినా చెప్పలేకపోతే ఓడినట్టు. ఓడినవాడు ఆ రోజు టీ గ్లాసులు కడగాలని షెడ్డులో రూలు. గ్రంథం చెయ్యి రెండొందల పన్నెండు రోజులుగా తడవలేదు. గెలిచిన ప్రతిసారీ ఆ ఆట తనంతట తనే షెడ్డు గ్రూపులోనూ, ఇంటి గ్రూపులోనూ ఫలితం పెట్టేస్తుంది. ఇంటి గ్రూపులో ఆయన భార్య ఒక్కతే చూస్తుంది. చూడ్డమంటే చదవడం కాదు, రోజూ ఒక బొటనవేలు బొమ్మ వేస్తుంది.

"వచ్చేసిందండోయ్!" పెయింటరు కుర్చీలోంచి లేచాడు. "బెలూన్లో మొట్టమొదట ఎగిరిన ప్రయాణికులు. గొర్రె, బాతు, కోడిపుంజు! రెండో ఆధారానికే కొట్టేశా."

"చుట్టాలు కదా, వెంటనే గుర్తుపట్టి ఉంటావు," అన్నాడు స్టోరు తాళాలు చూసే పెద్దాయన. ఆయన్ని అందరూ స్టోరాయన అంటారు.

గ్రంథం తన ఫోన్ చూసుకున్నాడు. గొర్రె లేదు. బాతు లేదు.

'ఇవాళ సమాధానం పేరు కాదు, నంబరు,' అని ఉంది. దాని కింద: 'మొదటి ఆధారం. ఈ విమానం ఆఖరిసారి పద్నాలుగు నిమిషాలు ఎగిరింది.'

"ఏం గ్రంథంగారూ, ఉలుకూ పలుకూ లేదు?"

"నాదెప్పుడో అయిపోయింది. మొదటి ఆధారానికే," అన్నాడు ఫోన్ బోర్లా పెట్టి. అబద్ధం ఆయన నోట్లో చప్పరింపు బిళ్ళలా అలవాటుగా కరిగేది. పళ్ళకి తగిలేది కూడా కాదు.

అప్పుడు కూతురు వచ్చింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, మనిషికన్నా రెండు సైజులు పెద్ద పనిబట్టలు. ఏడాదైంది అదే షెడ్డులో మెకానిక్‌గా చేరి. నడుముకి వేలాడే రింగులో ఐదు ఇత్తడి బిళ్ళలు గలగలమంటున్నాయి. షెడ్డులో ప్రతివాడికీ ఒక నంబరు, ఆ నంబరు కొట్టిన ఐదు బిళ్ళలు. గోడ మీది బోర్డులో ప్రతి పనిముట్టుకీ దాని ఆకారం నల్లరంగుతో గీసి ఉంటుంది. పనిముట్టు తీస్తే ఆ ఖాళీలో మన బిళ్ళ తగిలించాలి. పని అయ్యాక పనిముట్టు పెట్టి బిళ్ళ తీసుకోవాలి. బోర్డు మీద ఒక్క ఖాళీ కనిపించినా ఏ విమానమూ కదలకూడదు. ఎందుకంటే ఆ కనిపించనిది విమానం కడుపులో ఉండిపోయి ఉండొచ్చు.

కూతురి నంబరు ఇరవై మూడు. అది ఆమె మేనమామ నంబరు. పదకొండేళ్ళుగా ఎవరూ తీసుకోక స్టోరులో పడి ఉన్న రింగుని ఏరి కోరి అడిగింది. తల్లి రెండు రోజులు అన్నం మానేసింది. "అది పాడు నంబరే," అంది. "నంబరేం చేసిందమ్మా? నేను బాగుచేస్తాగా," అంది పిల్ల.

"నాన్నా, రెండు సీట్ల విమానంలో తోక తీగలు మార్చేశా. వాన తగ్గితే రెండుంబావుకి ఎగరేసి చూస్తారట. నీ సంతకం కావాలి. ఒక్కసారి వచ్చి తోకలో చూడకూడదూ?"

"నువ్వు చూశావుగా."

"చూశాననుకో..."

"నువ్వు చూస్తే నేను చూసినట్టే అమ్మడూ. ఇలా ఇవ్వు." కుర్చీలోంచి లేవకుండా సంతకం గీకేశాడు. ఆయన మనసంతా బోర్లా పెట్టిన ఫోన్లో ఉంది.

పిల్ల నవ్వింది. "చూడకుండా సంతకమా? మామయ్య పోలిక నీకెక్కణ్ణుంచి వచ్చింది నాన్నా?"

పెయింటరు పగలబడి నవ్వాడు. గ్రంథమూ నవ్వాడు. స్టోరాయన మాత్రం గ్లాసు అడుగున ఉన్న టీ ఆకుల్ని చాలాసేపు చూశాడు.

షెడ్డులో ఇంకో ఆచారం ఉంది. బాగుచేసినవాడే మొదటిసారి ఎగిరేటప్పుడు పైలట్ పక్కన కూర్చోవాలి. తన పని మీద తనకి నమ్మకం ఉంటే ఎక్కుతాడు, లేకపోతే ఎక్కడు. దీనికి మించిన పరీక్ష ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు.

"వెళ్ళొస్తా," అంది పిల్ల.

*

గ్రంథం తన గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. గోడ మీద ఒక గడియారం. పదకొండేళ్ళ కిందట రేడియోవాళ్ళు పెట్టిన విమానాల క్విజ్‌లో ఫోన్ మీద జవాబులు చెప్పి గెలిచింది. వచ్చినవాళ్ళందరికీ దాన్ని చూపించేవాడు. ఆ గెలిచిన రోజేదో మాత్రం ఎవరికీ చెప్పేవాడు కాదు.

ఫోన్ తిప్పాడు. రికార్డు పోగొట్టుకోవడం ఇష్టంలేక గుర్తొచ్చిన విమానం నంబరు ఒకటి కొట్టాడు. తప్పు.

'రెండో ఆధారం. ఎక్కవలసినవాడు ఎక్కలేదు.'

ఇంకో నంబరు. తప్పు.

'మూడో ఆధారం. ఎక్కవలసినవాడు ఆ సమయానికి ఆట ఆడుకుంటున్నాడు.'

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు గ్రంథం తల ఎత్తి గడియారం కేసి చూశాడు. ఒంటిగంటా యాభై. వానలో కూడా దాని టిక్కుటిక్కులు చెవిలోనే వినిపిస్తున్నాయి.

ఆ రోజు కూడా మధ్యాహ్నమే. విమానాన్ని పైకీ కిందికీ తిప్పే తోక తీగలు బిగించింది ఆయన. సంతకం పెట్టింది ఆయన. ఎక్కవలసిందీ ఆయనే. కానీ క్విజ్ ఫైనల్‌కి రేడియోవాళ్ళు ఫోన్ చేసే వేళ అయింది. భార్య తమ్ముడు, ఇరవై మూడో నంబరు మెకానిక్, చిన్నప్పుడు చెట్టు మీంచి పడి ఎడమకాలు కాస్త ఈడ్చే కుర్రవాడు, భుజం మీద చెయ్యేశాడు. "నువ్వు క్విజ్ గెలువు బావా. నేనెక్కుతా. వచ్చాక అడుగుతా, గెలిచావా లేదా అని."

బావ గెలిచాడు. బావమరిది రాలేదు. పైలటూ రాలేదు.

పద్నాలుగు నిమిషాలకి సైరన్ మోగింది. అందరూ రన్‌వే వైపు పరిగెత్తారు. గ్రంథం ఒక్కడే బోర్డు దగ్గరికి పరిగెత్తాడు. టార్చిలైటు ఖాళీలో బిళ్ళ వేలాడుతోంది. పదిహేడు. తనదే. తోకలో దూరినప్పుడు పట్టుకెళ్ళిన టార్చి అక్కడే మరిచిపోయాడు. ఎగిరే ముందు బిళ్ళల రింగు తీసి బోర్డు పక్క మేకుకి తగిలించాలని రూలు. మేకుకి బావమరిది బిళ్ళల రింగు ఉంది. తన బిళ్ళ తీసి, ఇరవై మూడు తగిలించడానికి ఎంతసేపు? నాలుగు క్షణాలు. పదిహేడుని షెడ్డు వెనక మంటలార్పే నీళ్ళ తొట్టిలోకి విసిరాడు. నెల కిందటే ఒక బిళ్ళ పోయిందని తర్వాత పుస్తకంలో రాశాడు.

శిథిలాల్లో తోక తీగల మధ్య ఇరుక్కుని టార్చి దొరికింది. బోర్డు మీద ఇరవై మూడు దొరికింది. ఇంకేం కావాలి?

కర్మ రోజున పైలట్ భార్య వచ్చి గ్రంథం భార్య మొహం మీద ఉమ్మేసి వెళ్ళింది. ఆవిడ కొంగుతో తుడుచుకుంది. ఇంటికొచ్చి తమ్ముడి ఫొటో తీసి బీరువా వెనక పడేసింది. పదకొండేళ్ళలో ఒక్కసారి బయటికి తియ్యలేదు. "పోతే పోయాడు, ఇంకొకణ్ణి ఎందుకు తీసుకుపోవాలి?" అనేది అప్పుడప్పుడూ, కూర తిరగేస్తూ. గ్రంథం కంచం కేసి చూస్తూ, "కుర్రతనం, ఏం చేస్తాం," అనేవాడు. ఉదారంగా.

నాలుగో ఆధారం తెరవకూడదనుకున్నాడు. ఏమీ కొట్టలేదు. అదే తెరుచుకుంది.

'నాలుగో ఆధారం.' మాటల్లేవు. శబ్దం. ఫోన్ లోపల్నుంచి, చాలా లోతునుంచి...

టక్. టక్. టక్.

షెడ్డులో పనిచేసేవాళ్ళకే తెలిసే శబ్దం. తోక గొట్టంలో దూరినవాడు లోపల్నుంచి రేకు మీద టార్చితో మూడుసార్లు తట్టాలి. లోపల మనిషి ఉన్నాడని అర్థం. బయటివాడు మూడు వినకుండా మూత తియ్యడు, మూడు విన్నాక మూత బిగించడు.

'ఐదో ఆధారం.' ఫొటో. బోర్డు. తమ షెడ్డు బోర్డే. టార్చి ఆకారం ఖాళీగా, చేతుల్లేని పిల్లవాడిలా నల్లగా ఉంది. అందులో ఒక బిళ్ళ, వెనక్కి తిరిగి వేలాడుతోంది. ఫొటోలో మూలన గోడకి కొత్త పోస్టరు కనిపిస్తోంది. నిన్న సాయంత్రం అంటించింది అది.

బోర్డు కింద ఒకే ప్రశ్న. 'విమానాన్ని కూల్చింది ఎవరి బిళ్ళ?'

కరెంటు పోయింది.

*

పనిముట్ల గదికి ఒకటే కిటికీ, అరచేయంత. గ్రంథం ఫోన్ వెలుగు పట్టుకుని వెళ్ళాడు. గదిలో ఎప్పుడూ ఉండే నూనె వాసన లేదు. నాచు వాసన. నిలవ నీటి వాసన. పాదాల కింద నేల తడిగా ఉంది. వాన లోపలికి వచ్చే దారి లేదు.

బోర్డు నిండా పనిముట్లు. ఒక్క టార్చి లేదు.

బిళ్ళ వేలాడుతోంది, వెనక్కి తిరిగి. పచ్చగా చిలుం పట్టి ఉంది. అంచునుంచి నీటిబొట్టు జారి నేల మీద పడింది. ఇంకొకటి ఊరింది. పడింది.

తిప్పాడు.

పదిహేడు.

బయట దూరంగా ఇంజను అందుకుంది. వాన కాస్త తగ్గింది. రెండూ పది. పిల్ల ఎక్కేసింది.

చెప్పొద్దూ, ఆ క్షణంలో గ్రంథానికి కూతురే కళ్ళముందు మెదిలింది. ఆ తోకలో టార్చి ఉంది. మళ్ళీ అదే తీగలు, మళ్ళీ అదే వేళ. ఆపాలి. కంట్రోల్ టవర్‌కి ఫోన్ చేసి బోర్డు మీద ఖాళీ ఉందంటే చాలు, ఆపేస్తారు. కానీ వాళ్ళు మొదట అడిగే మాట ఒకటుంది: ఎవరి బిళ్ళ? ఆ రూలు తయారుచేసింది ఈయనే, ప్రమాదం తర్వాత. బిళ్ళ బయటివాడిదైతే విమానం ఆ క్షణాన్నే వెనక్కి రావాలి, ఇంకో మాట లేదు. విమానంలో ఉన్నవాడిదైతే వాణ్ణి రేడియోలో అడగాలి, పనిముట్టు నీ దగ్గర ఉందా అని. లేదన్నాడా, వెనక్కి. ఉందన్నాడా, వెళ్ళనివ్వొచ్చు.

పదిహేడు అని చెప్పొచ్చు. పదకొండేళ్ళ కిందట పోయిందని పుస్తకంలో రాసిన బిళ్ళ, నాచుతో సహా, టార్చి ఖాళీలోనే ఎందుకుంది అని స్టోరాయన అడుగుతాడు. ఆ ముసలాయన అప్పుడే ఏదో వాసన పట్టాడు. ఇంట్లో ఆవిడ అడుగుతుంది. పైలట్ పెళ్ళాం ఇంకా బతికే ఉంది.

మేకుకి కూతురి రింగు వేలాడుతోంది. ఐదు బిళ్ళలు. ఇరవై మూడు.

మెదడు చకచకా లెక్కలు కట్టేసింది. కొత్త పిల్ల. ఒక హెచ్చరిక కాగితం ఇస్తారు, అంతే. టవర్‌వాళ్ళు అడుగుతారు, నా దగ్గర టార్చి లేదంటుంది, వెనక్కి తిప్పేస్తారు. పిల్ల ప్రాణం దక్కుతుంది, తన పరువు దక్కుతుంది. ఒక్క బిళ్ళకి రెండు కాయలు. నాన్న కోసం ఆమాత్రం మాట పడకూడదా?

నాలుగు క్షణాలు పట్టింది. చెయ్యి మరిచిపోలేదు.

పదిహేడుని పిడికిట్లో బిగించి ఫోన్ చేశాడు.

"చెప్పండి గ్రంథంగారూ," టవర్‌లో కుర్రాడు.

"ఆపండి. రెండు సీట్లది. బోర్డు మీద టార్చి లేదు."

"అయ్యబాబోయ్. ఎవరి బిళ్ళ?"

గోడ అవతల నీళ్ళ తొట్టిలో ఏదో కదిలినట్టు చప్పుడైంది. పిడికిట్లో బిళ్ళ చల్లగా... చేప పిల్లలా... ఒకసారి కొట్టుకుంది.

"ఎవరి బిళ్ళండీ?"

"ఇరవై మూడు," అన్నాడు.

ఫోన్ పట్టుకునే ఉన్నాడు. అవతల రేడియో గరగరలు. కుర్రాడు ఏదో అడుగుతున్నాడు. ఎవరో ఏదో చెప్తున్నారు. బయట ఇంజను రొద తగ్గుతుందని చూస్తున్నాడు.

పెరిగింది.

పెరిగి, పెరిగి... నేలని వదిలింది. ఆ శబ్దం ఆయనకి నిద్రలో కూడా తెలుస్తుంది.

"ఏం పర్లేదు గ్రంథంగారూ," కుర్రాడి గొంతు హాయిగా ఉంది. "ఇరవై మూడుని అడిగా. టార్చి తన దగ్గరే ఉందట. వెళ్ళమన్నా, లేచారు."

"ఏంటి?"

"టార్చి తన దగ్గరే ఉందట. అన్నట్టు మీ అమ్మాయికి జలుబు చేసిందా? గొంతు మగవాడి గొంతులా ఉంది. 'బావని కంగారు పడొద్దని చెప్పు' అంది. బావెవరండీ? సంబంధం కుదిరిందా? చెప్పనే లేదు!"

గ్రంథం చేతిలో ఫోన్ టింగుమంది.

'సరైన సమాధానం: 23. వరసగా 213 రోజులు. అభినందనలు!'

ఆయన ఏ నంబరూ కొట్టలేదు. కానీ ఫలితం షెడ్డు గ్రూపులోకి వెళ్ళిపోయింది. ఇంటి గ్రూపులోకీ వెళ్ళిపోయింది, ప్రశ్నతో సహా. 'విమానాన్ని కూల్చింది ఎవరి బిళ్ళ? 23.' ఎప్పుడూ చదవని భార్య ఇవాళ చదివింది. బొటనవేలు బొమ్మ వెయ్యలేదు. మాటలు రాసింది.

'ఇదేం ఆట? వాడేనని లోకమంతటికీ తెలుసు. మళ్ళీ మళ్ళీ అడగడం ఎందుకు?'

*

పద్నాలుగు నిమిషాలు.

షెడ్డు తలుపు దగ్గర నిలబడి మబ్బుల్లోకి చూస్తూ లెక్కపెట్టాడు. గదిలో గడియారం ఇక్కడిదాకా వినిపిస్తోంది. పదకొండో నిమిషంలో మబ్బుల్లో శబ్దం ఆగింది. ఏమీ లేదు. వాన కూడా ఆగినట్టుంది. కుడితిలో పడ్డ ఎలకలా నోరు తెరిచి నిలబడ్డాడు. "అమ్మడూ," అన్నాడు.

మళ్ళీ వినిపించింది. బుల్లి విమానం మబ్బు చీల్చుకుని వచ్చింది. దిగింది. బుద్ధిగా షెడ్డులోకే వచ్చి ఆగింది.

గ్రంథం మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి నిజంగా ఏడ్చాడు. బావమరిది పోయినప్పుడు ఏడ్చింది లెక్కలోకి రాదు, అప్పుడు జనం చూస్తున్నారు.

పైలట్ ముందు దిగాడు. "విమానం వెన్నపూసలా ఉందండీ. మీ అమ్మాయే... ఏంటో ఇవాళ. నాతో ఒక్క మాట లేదు. దారంతా తోకవైపు తిరిగి కూర్చుని నవ్వుతూనే ఉంది."

పిల్ల దిగింది. తండ్రిని దాటుకుంటూ బోర్డు వైపు నడిచింది. తడి నేల మీద ఆమె అడుగుల గుర్తులు... కుడివి పాదాల్లా ఉన్నాయి. ఎడమవి గీతల్లా ఉన్నాయి. కాలు ఈడుస్తోంది.

"అమ్మడూ... కాలికేమైంది?"

పనిబట్టల్లోంచి టార్చి తీసింది. పాతది, నొక్కుపోయి, నాచు పట్టి ఉంది. దాన్ని ఖాళీలో పెట్టింది. అచ్చు గుద్దినట్టు సరిపోయింది. ఇరవై మూడో నంబరు బిళ్ళ తీసుకుని పమిటకి తుడిచినట్టు గుండె మీద రుద్దింది. రింగులో వేసుకుంది. తర్వాత గ్రంథం పిడికిలి పట్టుకుని, ఒక్కొక్క వేలే విప్పి, పదిహేడుని చూసింది. మళ్ళీ ఒక్కొక్క వేలే మూసింది. మెల్లగా, ముద్దుగా.

వొంగి చెవిలో అంది.

"గెలిచావా, బావా?"

అప్పుడు వినిపించింది. విమానం వైపునుంచి. తోకలోంచి.

టక్. టక్. టక్.

స్క్రూలు ఎలా విప్పాడో ఆయనకే తెలీదు. గోళ్ళు ఊడాయి. మూత తీసి ఫోన్ వెలుగు వేశాడు. కొత్త తీగలు మెరుస్తున్నాయి. ఎలకల కంపు, రబ్బరు కంపు. ఎవరూ లేరు. గొట్టం చివరిదాకా ఎవరూ లేరు. లోపలి రేకు మీద దుమ్ములో మాత్రం ఆడపిల్ల అరచేతుల గుర్తులు. ఒకదాని మీద ఒకటి. చాలా ఉన్నాయి. కొన్ని తడిగా ఉన్నాయి.

"అమ్మడూ!"

"ఏంటండీ, ఎవర్ని పిలుస్తున్నారు?" పెయింటరు టీ గ్లాసుతో తొంగి చూశాడు. "మీ అమ్మాయి మీ వెనకే ఉందిగా."

వెనకే ఉంది. స్క్రూలు అరచేతిలో పట్టుకుని ఉంది. "బిగించెయ్ బావా. వానాకాలం. ఎలకలు దూరతాయి," అంది. గుసగుసగా, ఆయనకి మాత్రమే. "టార్చి పట్టుకోనా?"

ఒక్కొక్క స్క్రూ అందించింది. ఒక్కొక్కటే ఆయన బిగించాడు. బిగించనని అనొచ్చు. ఎందుకు అని అందరూ అడుగుతారు. ఎవరు లోపల ఉన్నారని అడుగుతారు. ఎప్పటినుంచి అని అడుగుతారు. ఆఖరి స్క్రూ తిరుగుతూండగా లోపల్నుంచి "నాన్నా" అని వినిపించింది. వినపడలేదేమో కూడా. ఇంజను వేడి తగ్గేటప్పుడు రేకులు అలాంటి శబ్దాలు చేస్తాయని పుస్తకాల్లో ఉంది. ఆయనకి తెలుసు. ఆయనకి అన్నీ తెలుసు.

ఐదింటికి స్టోరాయన షట్టరు దించి తాళం వేశాడు.

"పద, ఇంటికెళ్దాం," అంది కూతురు, చెయ్యి పట్టుకుని. చెయ్యి చల్లగా, తడిగా ఉంది. "అక్క ఎదురుచూస్తూ ఉంటుంది. పదకొండేళ్ళయింది, చూసి. నా ఫొటో ఎక్కడ పెట్టిందో అడగాలి."

జేబులో ఫోన్ టింగుమంది. రేపటి ప్రశ్న రేపు ఒంటిగంటకి వస్తుంది. మొదటి ఆధారం మాత్రం, రెండొందల పదమూడు రోజులు గెలిచినవాడు కాబట్టి, ఆయనకి ముందే పంపారు. అందులో మాటల్లేవు.

టక్. టక్.

మూడోది లేదు. ఫోన్ చెవికి ఆనించుకున్నాడు. తర్వాత తల తిప్పి చెవిని షట్టరుకి ఆనించాడు.

మూడోది ఇంకా రాలేదు.